కుడిచేతి దీవెన

ఫిబ్రవరి 11, సోమవారం

అమ్మ కళ్ళు పచ్చబడ్డాయి. పొద్దున చిపా రొట్టెల పిండి పిసుకుతూ కిటికీ వైపు తిరిగినప్పుడు చూశాను. చెప్తే, నీ కళ్ళే పచ్చగా ఉన్నాయేమో అద్దంలో చూసుకో పో అంది.

ఆపరేషన్ అయి రెండు వారాలు. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు. పొట్టమీద చిన్న చిన్న రంధ్రాలు పెట్టి తీసేస్తాం, వారం తిరక్కుండా బస్టాండులో రొట్టెలమ్ముకోవచ్చు అన్నారు. ఇప్పుడేమో పక్కటెముకల కింద నుంచి ఒక ట్యూబు, దాని చివర ఒక సంచీ, సంచీలో ఆకుపచ్చ నీళ్ళు. ఆ సంచీని గౌను లోపల కట్టుకుని, పైన శాలువా కప్పుకుని, బుట్ట నెత్తిన పెట్టమంటోంది.

ఆపరేషన్ చేసింది పరాయి మనిషి కాదు. డాక్టర్ ఒవేలార్, నా జ్ఞానతండ్రి. నేను నెలల పిల్లగా ఉన్నప్పుడు చర్చిలో నన్ను ఎత్తుకుని జ్ఞానస్నానం చేయించినాయన. నాకు పద్రీనో, అమ్మకి కొంపాద్రే, ఆయనకి అమ్మ కొమాద్రే. మా వైపు కొంపాద్రే అంటే తోడబుట్టినవాడి కంటే ఎక్కువ. తోడబుట్టినవాడితో పొలం గట్టు దగ్గర కొట్లాడొచ్చు, కొంపాద్రేతో గొంతు కూడా పెంచకూడదు. ఆయన అమ్మ దగ్గర ఫీజు తీసుకోలేదు. మా కొంపాద్రే స్వయంగా చేశాడు, ఎంతమందికి దక్కుతుంది ఆ అదృష్టం అని అమ్మ బస్టాండంతా చెప్పుకుంది.

ఫిబ్రవరి 13

జ్వరం. ట్యూబు చుట్టూ ఎర్రగా వాచింది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే సర్దుకుంటుంది అన్నారు. ఏది సర్దుకుంటుంది?

ఫిబ్రవరి 18, అసున్సియోన్

అమ్మని బస్సులో రాజధానికి తెచ్చేశాను. బస్టాండు టికెట్ కౌంటర్లో పనిచేస్తున్నందుకు ఇవాళొక్కరోజు పనికొచ్చింది, ముందు సీటు ఇప్పించుకున్నాను. దారంతా అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. దానికే నాకు భయం వేసింది. మా అమ్మ ఫెర్మీనా మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

ఇక్కడి సర్జన్ కుర్రవాడు. స్కానింగ్ ఫోటో వెలుతురుకి పట్టి చాలాసేపు చూశాడు. కాలేయం నుంచి పేగులోకి పిత్తం వెళ్ళే నాళం ఒకటి ఉంటుందట. రాళ్ళ సంచీ తీసేటప్పుడు దాన్ని కోసేసి క్లిప్పు వేశారట. దానంతట అది అతుక్కోదన్నాడు. పేగుని పైకి తెచ్చి కాలేయానికి కలిపి కుట్టాలి, పెద్ద ఆపరేషన్. ప్రభుత్వాస్పత్రిలో వరుస చాలా పొడుగు, ఈలోగా ఈ జ్వరాలు వస్తూ పోతూ ఉంటే ఏదో ఒకసారి వచ్చిన జ్వరం ఇక పోదు అన్నాడు. ప్రైవేటులో అయితే వెంటనే చేస్తారు. ఆ ఖర్చు మా ఇంటి కప్పు అమ్మినా తేలదు. తప్పు చేసిన ఆస్పత్రే భరించాలి, మంచి లాయర్ని చూసుకోండి అన్నాడు.

ఇంతకీ ఎవరు చేశారు అని అడిగాడు. మంచం మీద నుంచి అమ్మ గట్టిగా, మా కొంపాద్రే చేశాడు అంది. అప్పటిదాకా కళ్ళు తెరవలేదు.

ఫిబ్రవరి 26

జ్వరం తగ్గించి పంపేశారు. ట్యూబు, సంచీ మాతోనే వచ్చాయి.

ఇవాళ మా ఊరి ఆస్పత్రి ఆఫీసుకి వెళ్ళాను. మేనేజరు ఏసీ గదిలో కూర్చుని ఇది తప్పు కాదు, కాంప్లికేషన్ అన్నాడు. మీ అమ్మ ముందే అన్నిటికీ ఒప్పుకుని సంతకం పెట్టింది కదా అన్నాడు. మా అమ్మకి చదవడం రాదు అన్నాను. సంతకం వచ్చు కదా అన్నాడు. బల్ల మీదున్న పేపర్‌వెయిట్ తీసి వాడి నోట్లో కుక్కాలనిపించింది.

బయటికొస్తే వరండాలో పద్రీనో ఎదురయ్యారు. తెల్లకోటు, తెల్లజుట్టు. నేను ఏదేదో అడగాలనుకున్నాను. ఈలోగా నా చేతులు వాటంతట అవే లేచి జోడించుకున్నాయి. దీవెనియ్యండి పద్రీనో అన్నాను. ముప్పై ఆరేళ్ళ అలవాటు. ఆయన ఆగి, కోటు జేబులోంచి ఎడమచెయ్యి తీసి గాల్లో సిలువ గీసి, దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ అన్నారు. అమ్మ ఎలా ఉంది అని అడిగారు. పచ్చగా ఉంది అన్నాను. ఆయన తల దించుకుని వెళ్ళిపోయారు.

నేను అడగాల్సింది అడగలేదు. ఇంటికొచ్చి గిన్నెలు విసిరి కొట్టాను.

మార్చి 7

మా ఊళ్ళో లాయర్లు ముగ్గురు.

మొదటాయన గోడ మీద వాళ్ళమ్మాయి జ్ఞానస్నానం ఫోటో. పాపని ఎత్తుకున్నది పద్రీనో. నేను నోరు తెరవకుండానే బయటికొచ్చాను. రెండో ఆయన అంతా విని, లేచి తలుపు మూసి, మెల్లగా ఆయన నాక్కూడా పద్రీనోయేనమ్మా అన్నాడు. మూడో ఆయన మంచివాడు. చల్లటి నీళ్ళలో ఆకులు నానబెట్టి తెరెరె కలిపి ఇచ్చాడు. విడాకులు తీసుకురా, పొలం తగాదా తీసుకురా, ఎవడినైనా పొడిచి రా, ఖూనీ కేసైనా వాదిస్తాను గానీ, ఒవేలార్ డాక్టరు మీద మాత్రం నా చేత కాదు అన్నాడు.

ఈ ఊళ్ళో సగం మంది పుట్టినప్పుడు పురుడు పోసింది ఆయనే. అలా పుట్టిన ప్రతి పిల్లనీ తల్లులు ఆయన చేతుల్లోనే పెట్టి చర్చికి నడిచారు. మేం కట్టుకున్న కంచె ఇది. ఇప్పుడు మేమే లోపల ఇరుక్కున్నాం.

మార్చి 12

దొరికింది. నది అవతలి ఊళ్ళో, పశువుల మందుల కొట్టు పైన ఆఫీసు. పేరు నిదియా సమనియేగో. పాస్టరు కూతురు. వాళ్ళ చర్చిలో పసిపిల్లలకి జ్ఞానస్నానం ఇవ్వరు. కాబట్టి ఆవిడకి జ్ఞానతండ్రి లేడు, జ్ఞానతల్లి లేదు, కొంపాద్రేలు అసలే లేరు. ఇన్నాళ్ళూ అలాంటివాళ్ళని చూస్తే పాపం అనుకునేదాన్ని.

ఆవిడ నవ్వదు. కాగితాలు చూసింది, స్కానింగు చూసింది. కేసు ఉంది అంది. నష్టపరిహారం కోసం ఏళ్ళ తరబడి కొట్లాడొద్దు, ముందు కోర్టు మధ్యవర్తి దగ్గరికి లాగుదాం, రెండో ఆపరేషన్ మొత్తం ఆస్పత్రి భరించేలా రాయించుకుందాం అంది. వకాల్తా మీద మీ అమ్మ సంతకం కావాలంది.

మార్చి 13

అమ్మ పెట్టనంది.

ఎంత అరిచానో. అమ్మ అరవలేదు. మీ నాన్న నదిలో పోయినప్పుడు శవాన్ని వెతకడానికి పడవ తెచ్చింది ఎవరు? నువ్వు స్కూలు మానేస్తానంటే వచ్చి చెవి మెలేసింది ఎవరు? నిన్ను జ్ఞానస్నానం నీళ్ళకెత్తిన చేతులేనే అవి అంది. ఆ చేతుల్ని కోర్టుకి ఈడ్చి నేను ఏ మొహం పెట్టుకుని చర్చికెళ్ళాలి? దానికంటే ఇలా పచ్చగానే పోతాను, కనీసం అమ్మల పండగకి పూలు కొనే పని తప్పుతుంది నీకు అంది.

అని నవ్వింది కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది.

మార్చి 24, ఆదివారం

పద్రీనో ఇంటికొచ్చారు. నారింజపళ్ళు తెచ్చారు. అమ్మ లేచి కుర్చీ తుడిచింది. ఇద్దరూ మామిడిచెట్టు కింద కూర్చుని తెరెరె తాగుతూ వానల గురించి మాట్లాడుకున్నారు. పొట్టలోంచి వేలాడే ఆ సంచీ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తుతారేమోనని నేను వంటింటి తలుపు దగ్గరే నిలబడ్డాను.

వెళ్ళేముందు, కొమాద్రే, నేను మీకు ఒకటి చెప్పాలి అన్నారు. అమ్మ వెంటనే, ఏం చెప్పొద్దు కొంపాద్రే, ఇంకో గుక్క తాగండి అంది. ఆయన తాగారు. వెళ్ళిపోయారు.

అమ్మని నమిలి మింగెయ్యాలనిపించింది.

ఏప్రిల్ 4

మళ్ళీ జ్వరం. ఇంజెక్షన్లు. అమ్మ చేతి చర్మం కూడా పచ్చబడింది. దురద. గోళ్ళతో గీరుకుంటోంది, మోచేతుల దాకా గీతలు.

ఆపరేషన్ గదిలో ఉన్న నర్సు గ్రెగోరియాని పట్టుకున్నాను. బళ్ళో నా పక్క బెంచీ. ఆ రోజు ఏం జరిగింది అని అడిగాను. అడిగిన కత్తెర అందించాను, అడిగిన క్లిప్పు అందించాను, అంతకంటే నాకేం తెలీదు అంది. కళ్ళలోకి చూడకుండా అంది. నువ్వూ ఆయన జ్ఞానపుత్రికవే, నేనూ అంతే, నన్ను అడక్కే సునిల్దా, ప్లీజ్ అంది. ఏడ్చింది. ఏడిస్తే నాకేం లాభం?

ఏప్రిల్ 17, పవిత్ర బుధవారం

పండగ చిపా. ఏటా ఈ రోజు అమ్మ రొట్టెలు కాల్చి వీధి వీధంతా పంచుతుంది. ఈసారి నేను కాల్చాను. మాడిపోయాయి. అమ్మ ఒకటి తిని, నీ మొగుడు అదృష్టవంతుడు, నిన్ను చేసుకోకుండా తప్పించుకున్నాడు అంది. తర్వాత వాంతి చేసుకుంది.

ఏప్రిల్ 21, ఈస్టర్

ఈస్టర్ నాడు జ్ఞానపుత్రులందరూ పద్రీనో ఇంటికి దీవెనకి వెళ్ళాలి. వెళ్ళనన్నాను. మంచం మీద నుంచి అమ్మ, వెళ్ళకపోతే నీ చేతి నీళ్ళు కూడా తాగను అంది. వెళ్ళాను.

వరండాలోంచి వీధి దాకా వరుస. నలభై దాటిన వాళ్ళ నుంచి చంకలో పిల్లల దాకా. ఆయన పేముకుర్చీలో కూర్చున్నారు. ఒక్కొక్కరూ చేతులు జోడించడం, ఆయన ఎడమచేత్తో సిలువ గీయడం. కుడిచెయ్యి జేబులో. నా ముందున్న నడివయసాయన నవ్వుతూ, మా పద్రీనో దీవెన ఈ రెండేళ్ళుగా ఎడమచేతి వాటం అయిపోయింది అన్నాడు. పక్కావిడ మోచేత్తో పొడిచింది. ఆయన నవ్వు ఆపేశాడు.

అప్పుడు ఒక చంటిపిల్లని ఆయన ఒళ్ళో కూర్చోబెట్టారు. పిల్ల జారింది. పట్టుకోవడానికి కుడిచెయ్యి బయటికి తీశారు.

వణుకుతోంది. ముసలితనపు వణుకు కాదు. కోడిపిల్లని గుప్పిట్లో పట్టుకుంటే అది కొట్టుకుంటుందే, అలా కొట్టుకుంటోంది. ఒక్క క్షణం. మళ్ళీ జేబులోకి.

నేను వరుస వైపు చూశాను. ఒక్కళ్ళు కూడా ఆశ్చర్యపోలేదు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. గ్రెగోరియా కూడా.

అందరికీ తెలుసు.

ఏప్రిల్ 22

అమ్మకి చెప్పాను. ఇంత వణికే చేత్తో కత్తి పట్టుకున్నాడే, ఆస్పత్రివాళ్ళు పట్టుకోనిచ్చారే, ఊరంతా చూస్తూ ఊరుకుందే అని ఇంకా ఏదేదో అరిచాను.

అమ్మ కప్పు వైపు చూస్తూ చెప్పింది. ఆపరేషన్ బల్ల మీద, మత్తు ఇచ్చే ముందు, భయపడకు కొమాద్రే అని ఆయన అమ్మ చెయ్యి పట్టుకున్నారట. వణుకు తెలిసిందట.

వణికేది నా చెయ్యే అనుకున్నానే సునీ, అంది.

ఆ తర్వాత కలం అడిగింది. సంతకం పెడతాను గానీ రెండు సంగతులు రాయించు అంది. ఆయన్ని జైలుకి పంపకూడదు. ఇంకెవరి మీదా ఆయన చెయ్యి పెట్టకూడదు. మొదటిది నాకు నచ్చలేదు. అమ్మ కలం పట్టుకుని ఆగిపోతే సరేనన్నాను.

మే 3

ఆస్పత్రి లాయరు జవాబు పంపాడు. డాక్టర్ ఒవేలార్ సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నారట. జరిగింది అరుదైన కాంప్లికేషన్ అట.

నిదియా గారు ఆ వణుకు చూసిన సాక్షులు కావాలంది. జ్ఞానపుత్రులు ఇంతమంది ఉన్నారు కదా, ఒక్కరైనా రారా అంది. పది ఇళ్ళ గడపలు ఎక్కాను, రారు అన్నాను. ఆవిడకి మొదటిసారి కోపం వచ్చింది. మీ ఊళ్ళో ఎవరికీ నోట్లో నాలుక లేదా? మీ అమ్మ కడుపు కోసినవాడికి నువ్వు ఇంకా చేతులు జోడిస్తున్నావట, సిగ్గు లేదా అంది. నాకూ తిక్క రేగింది. పద్రీనో లేకుండా పెరిగినదానివి, నీకేం తెలుస్తుంది అన్నాను. నువ్వు అనేశాను. లాయర్ని.

ఆవిడ కలం కింద పెట్టింది. నిజమే, నాకు తెలీదు, చెప్పు అంది.

చెప్పాను. ఎక్కడ కనిపించినా సరే, బజారైనా, బస్సైనా, మేం చేతులు జోడించి అడగాలి. అడిగినవాళ్ళకి పద్రీనో దీవెన ఇవ్వకుండా పోకూడదు. తాగి ఉన్నా, కోపంగా ఉన్నా, ఇవ్వాల్సిందే. ఇవ్వని జ్ఞానతండ్రిని దేవుడు కూడా అడిగే రోజు వస్తుందంటారు. మా పద్రీనో ఇప్పటివరకూ ఎవరికీ కాదనలేదు.

ఏ చేత్తో ఇవ్వాలి అని అడిగింది.

కుడిచేత్తో అన్నాను. అన్నాక అర్థమైంది, ఆవిడ ఎందుకు అడిగిందో. ఆవిడ కాగితాలు సర్దుకుంది.

మే 5

చెయ్యను. అది దీవెన. దొంగని పట్టడానికి వేసే వల కాదు.

మే 9

అమ్మ ఇవాళ నన్ను గుర్తుపట్టలేదు. కాసేపే. జ్వరం దిగాక, ఏంటే అలా చూస్తున్నావు అంది.

మే 13, సోమవారం

కోర్టు వెనక గది. పొడుగు బల్ల. మధ్యవర్తి ఒక పెద్దావిడ, విసనకర్రతో విసురుకుంటోంది. అటు ఆస్పత్రి లాయరు, మేనేజరు, పద్రీనో. ఇటు అమ్మ, నిదియా గారు, నేను. అమ్మ మంచి గౌను వేసుకుంది. శాలువా కింద సంచీ ఉబ్బుగా కనిపిస్తోంది. ఆయన అమ్మని చూసి లేచి నిలబడ్డారు. అమ్మ కూర్చోండి కొంపాద్రే అంది.

ఆయన కుడిచెయ్యి బల్ల కింద ఉంది.

ఆస్పత్రి లాయరు చాలాసేపు మాట్లాడాడు. డాక్టరు గారి అనుభవం, ఊరికి చేసిన సేవ, చెక్కు చెదరని ఆరోగ్యం. చెక్కు చెదరని అన్నప్పుడు పద్రీనో కళ్ళు మూసుకున్నారు. నిదియా గారు స్కానింగ్ చూపించింది, అసున్సియోన్ డాక్టరు రాసింది చదివింది. ఆస్పత్రి లాయరు దాన్ని అరుదైన కాంప్లికేషన్ అన్నాడు. మళ్ళీ అన్నాడు. మధ్యవర్తి గడియారం చూసింది. ఒప్పందం కుదరకపోతే దావా వేసుకోండి, రెండు మూడేళ్ళు పట్టొచ్చు అంది.

అమ్మ మోచెయ్యి గీరుకుంటోంది.

నేను లేచాను. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళాను. నిదియా గారు తల ఎత్తలేదు. ఆయన ముందు నిలబడి చేతులు జోడించాను. దీవెనియ్యండి పద్రీనో అన్నాను. ఆయన ఎడమచెయ్యి లేవబోయింది. కుడిచేత్తో పద్రీనో అన్నాను.

ఇదేంటి, ఇది కోర్టా చర్చా అని ఆస్పత్రి లాయరు అరిచాడు. మేనేజరు పద్రీనో భుజం పట్టుకుని ఏదో చెవిలో చెప్పాడు. ఆయన వాళ్ళ వైపు చూడలేదు. నా వైపే చూశారు. ఆయనకి అర్థమైంది. నేను ఎందుకు అడుగుతున్నానో పూర్తిగా అర్థమైంది. అప్పుడు నేను చేతులు దించేసి పారిపోవాలనుకున్నాను.

కుడిచెయ్యి బల్ల కింద నుంచి తీసి పైకెత్తారు.

పైనుంచి కిందికి, ఈ వైపు నుంచి ఆ వైపుకి. ఒక్క సిలువ గీయడానికి ఎంతసేపు పట్టిందో. గీత ఎక్కడా తిన్నగా రాలేదు. అయినా మధ్యలో ఆపలేదు, ఎడమచేత్తో పట్టుకోలేదు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ అని చివరిదాకా అన్నారు.

ఆ చెయ్యి మళ్ళీ కిందికి దించలేదు. బల్ల మీద అందరి ముందూ పెట్టారు. కొయ్య మీద టకటక చప్పుడు. రెండేళ్ళ నుంచి ఉందమ్మా ఇది అని మధ్యవర్తితో చెప్పారు. పోయినేడాదే ఆఫీసులో చెప్పాను, ఆపేస్తానన్నాను. మీ పేరు చూసే జనం వస్తున్నారు డాక్టర్, ఇంకొక్క ఏడాది లాగండి అన్నారు. లాగాను. మా కొమాద్రే నాళం కోసింది నేనే అన్నారు.

మేనేజరు మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. నిదియా గారు అప్పుడు తల ఎత్తి, రాసుకోండి అని మధ్యవర్తితో చాలా మెల్లగా అంది.

పద్రీనో ఏడుస్తున్నారు. అమ్మ తన ముందున్న గ్లాసు ఆయన వైపు జరిపి, ముందు నీళ్ళు తాగండి కొంపాద్రే అంది. ఆయన రెండు చేతులతో గ్లాసు పట్టుకుంటే సగం నీళ్ళు బల్ల మీద పోయాయి.

సాయంత్రం లోపల సంతకాలయ్యాయి. ఆపరేషన్, బస, తర్వాతి మందులు అన్నీ ఆస్పత్రివే. ఆయన ఇక కత్తి పట్టరు.

గెలిచాం అంది నిదియా గారు. మెట్ల దగ్గర ఆవిడ చెయ్యి చాపితే నేను చూడనట్టు అమ్మ శాలువా సర్దాను.

మే 15, అమ్మల పండగ

అమ్మ అసున్సియోన్‌లో చేరింది. పూలు తెచ్చాను. కొనే పని తప్పుతుందన్నావుగా అన్నాను. ఈ పూలు ఎంత పెట్టి కొన్నావే దండగమారిదానా అంది.

మే 20

ఆపరేషన్ తొమ్మిది గంటలు పట్టింది. బతికింది.

జూన్ 16

ట్యూబు తీసేశారు. కళ్ళు తెల్లబడ్డాయి. తెల్లబడ్డాక అమ్మ తిట్లు రెట్టింపు అయ్యాయి.

ఊళ్ళో కొందరు నాతో మాట్లాడటం మానేశారు. దీవెన అడిగి మరీ పరువు తీసింది అంటున్నారట. గ్రెగోరియా మాత్రం కౌంటర్ దగ్గరికొచ్చి, టికెట్ ఏమీ కొనకుండా, కాసేపు నిలబడి వెళ్ళింది.

జూలై 7, ఆదివారం

గేటు చప్పుడు. పద్రీనో. లోపలికి రమ్మన్నా రాలేదు. అమ్మ వరండాలో చిపా పిండి పిసుకుతోంది. ఆయన గేటు బయటే నిలబడి, అమ్మ వైపు తిరిగి, రెండు చేతులూ జోడించారు. జ్ఞానతండ్రి దీవెన కోసం చేతులు జోడించడం నేనెప్పుడూ చూడలేదు. కుడిది వణుకుతుంటే దాంతోపాటు ఎడమదీ కదులుతోంది. అమ్మ పిండి తుడుచుకోకుండానే చెయ్యెత్తి గాల్లో సిలువ గీసింది. మళ్ళీ పిండిలోకి వంగింది.

ఆయన చేతులు దించకుండానే నా వైపు తిరిగారు.

నేను చెయ్యెత్తకుండానే లోపలికొచ్చి ఇది రాస్తున్నాను. ఆయన ఇంకా గేటు దగ్గరే ఉన్నారు.